నుండి – వరకు

సుబేదారిల ఇప్పుడు సుబేదారు లేడు.
ఆ పేరు మాత్రం సిటీ బస్సెక్కి
రోజుకు నలభై సార్లు దిగుతున్నది.

నేను బోర్డులు రాసేటోన్ని.
హనుమకొండ చౌరస్తాల సైకిల్ షాపు మెట్ల కింద
నా డబ్బాలు, నా కుంచెలు,
చొక్కా ఉతికినా పోని టర్పెంటైన్ వాసన.
పెద్ద హాల్ల గోడకున్న టేకు పలక మీద
గవర్నర్ల పేర్లు రాసే పని
ఉస్తాద్ జైనుల్లా నా చేతిల పెట్టి పోయిండు.

మూడు గడులు.
పేరు. నుండి. వరకు.

అక్షరానికి ఇంత అని కూలి.
పొడుగు పేరాయన వస్తే
ఆ ఆదివారం మా ఇంట్ల మాంసం.
పొట్టి పేరాయన ఐదేండ్లు కూసుంటే
కుంచె వెంట్రుకలు బిరుసెక్కేటివి.
ఒకాయనకైతే పేరు కన్నా
‘అదనపు బాధ్యత’ అన్నదే పొడుగు;
ఆ తడి ఆరకముందే
చిట్టీ మీద ఇంకో పేరు వచ్చింది.

నేను కండ్లార చూసింది ఒక్కరినే.
స్నాతకోత్సవానికి వస్తున్నడని
నక్కలగుట్ట కాడికెల్లి రోడ్డుకు సున్నం గీతలు గీసిన్రు.
ఎల్లవ్వ మిర్చిబజ్జీల బండిని సందులకు తోసిన్రు.
కారు అద్దం నల్లగుండె.
అండ్ల నాకు కనపడ్డది
నిచ్చెన పట్టుకొని నిలబడ్డ నేనే.

“ఎవలాయన?” అన్నది ఎల్లవ్వ.
“గవర్నరు. రాష్ట్రానికి పెద్ద.”
“ఎన్నడు ఓటేసినం?”
“ఓట్లుండయి. ఢిల్లీకెల్లి కాయితం వస్తది.”
“పోయేటప్పుడు?”
“అప్పుడూ కాయితమే.”
ఆమె నూనెల పిండి ఇడిచి
“నా బండికి మున్సిపాలిటోళ్లు ఇచ్చినట్టేనాయె” అన్నది.

రాష్ట్రం వేరైన ఏడు
కొత్త పలకనా, పాత పలక మీద గీతనా అని
ఫైలు మూడు నెలలు బల్లలు మారింది.
గీతే ఖాయమైంది.
ఊపిరి బిగబట్టి గీసిన, పసుపు రంగుల, వేలెడు మందం.
గీతకు పైనా కిందా ఒకటే పేరు!
అక్షరాల కూలి రెండుసార్లు వచ్చింది,
నవ్వొచ్చింది, తర్వాత రాలె.
ఆ గీత కోసం ఒంటికి నిప్పంటించుకున్న పిలగాండ్లకు
గడులు గీయమని
ఏ ఆఫీసుల ఏ చిట్టీ రాలె.

పలక దించినప్పుడే చూసిన, దాని వెనక.
చెదలు తిన్న మేర తినంగ మిగిలిన ఉర్దూ.
సుబేదార్ల పేర్లు, ఫస్లీ సంవత్సరాలు,
ఉస్తాద్ తండ్రి చేతిరాత.
నా ఉర్దూ రెండో జమాత్ దాకనే,
అయినా ‘సే’ చదివిన, ‘తక్’ చదివిన.
ఆడ నుండి కుడి దిక్కు, వరకు ఎడమ దిక్కు.
అన్నిటికన్న కింద పేరుకు
‘తక్’ గడి ఖాళీ.
పోలీసు యాక్షన్ల రాసే చెయ్యి ఆగిందో,
కూలిచ్చే చెయ్యే పారిపోయిందో.
నేను ముట్టలె. గుడ్డతోటి తుడిచి
మళ్లీ గోడ దిక్కు తిప్పిన.

ఉస్తాద్ ఒకటి నేర్పిండు:
వరకు గడిల ముందుగాలనే సుద్దతో సన్నగ గీత పెట్టు.
ఎవలచ్చినా ఆ కొలత సరిపోతది.

మొన్న క్లర్కు పిలిచి చెప్పిండు,
ఇగ టీవీ లెక్క బోర్డు వస్తదట,
వేలు పెడితే పేరు మారుతదట.
ఆఖరి బిల్లు మీద దస్తకతు పెట్టమన్నడు.
‘పనిచేసిన కాలం’ అని అచ్చేసి ఉన్నది,
దాని పక్కన అవే రెండు గడులు.
ఆజంజాహి మిల్లు సైరన్ కూసేటప్పటి నుండి
అని రాసిన.
తారీఖు గావాలె అన్నడు.
సైరనే మా తారీఖు అన్న.
రెండో గడిల ఆయనే ఏదో రాసుకున్నడు.

బయటికొచ్చేసరికి
ఎల్లవ్వ బండి మళ్ల రోడ్డు మీదనే ఉన్నది.
రేకు మీద పేరు రాయమన్నది.
రాసిన, మిగిలిన పసుపు రంగుతోటి.
ఎప్పటినుంచో గూడ రాయమన్నది.
“ఎప్పటినుంచి?”
ఆమె గంటె తిప్పుకుంట ఆలోచించింది,
యాదికి రాలె.
ఆ జాగల
నాలుగు బజ్జీలు ఇరవై రూపాయలు అని రాసిన.