తడి ఇసుక

నవంబరు ఒకటో తేదీ. ఇకీటోస్ ఊరి శ్మశానం.
బతికున్నవాళ్లంతా ఇవాళ
పోయినవాళ్లింటికి చుట్టాలు.
చీపుళ్లు, సున్నపు డబ్బాలు, చంకలో పిల్లలు,
గేటు దగ్గర నూనెలో వేగే అరటికాయ ముక్కలు.
నేను మాత్రం రెండు బకెట్ల ఇసుకతో వచ్చాను.

ఆరోగ్యశాఖ చొక్కా కనబడితే
పూలమ్మేవాళ్లకి చిరాకు.
"వచ్చాడమ్మా ఇసుకాయన."
ఔను, వచ్చాను.
సమాధికో పూలకుండీ,
కుండీకి అరలీటరు నీళ్లు,
ఆ నీళ్లలో తలకిందులుగా వేలాడే
తోకపురుగులు.
వారం తిరిగేసరికి రెక్కలొస్తాయి,
కాళ్లకి తెల్లచారలొస్తాయి,
పట్టపగలే పని మొదలెడతాయి.

మూడో వరుసలో ఒబ్దులియా ముసలమ్మ
కుండీని గౌను చాటున దాచుకుంది.
"పారబోయకు నాయనా.
నా మనవడు అబ్నెర్, పోయిన వానల్లో డెంగీ.
దాహం దాహం అంటూ పోయాడు.
వాడికోసం పోసిన నీళ్లివి."

కరపత్రంలో దీనికి జవాబు లేదు.
అందులో ఉన్నదల్లా దోమ బొమ్మ,
దాని మీద ఎర్ర గీత.

పక్కనే చతికిలబడ్డాను.
దోసెడు నీళ్లు తీసి ఎండకి పట్టాను.
ముసలి కళ్లు కాసేపు తడుముకున్నాయి.
ఆ తర్వాత దొరికాయి,
మెలికలు తిరుగుతూ ఏడో, ఎనిమిదో.

"ఇవేనా?"
"రెక్కలు రాకముందు ఇలాగే ఉంటాయి."
"ఇంతేనా ఉండేది?"
"ఇంతే."

ఎంతసేపటికీ మాట్లాడలేదు.
అవతల ఎవరో గిటారు శ్రుతి చేసుకుంటున్నారు.
చివరికి తనే లేచి
కాలుతున్న సిమెంటు మీద కుండీ బోర్లించింది.
తడి ఆరేదాకా చూసింది.
చెప్పుకాలితో ఒకసారి గట్టిగా రుద్దింది.
"పొయ్యి నీ ఇసుక.
తడిపి పొయ్యి. వాడి పూలు వాడకూడదు."

పోశాను. పూలు నిలబడ్డాయి.
సంచిలోంచి సీసా తీసి
గ్లాసెడు మంచినీళ్లు సమాధి మీద పెట్టింది.
"ఇది వాడికి.
సాయంత్రం వెళ్లేటప్పుడు నేనే తాగేస్తాలే,
రాత్రికి ఉంచను."

మూడువందల పన్నెండు కుండీలు.
నాలుగింటికి ఇసుక అయిపోయింది.
వరుసలు అయిపోలేదు.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే
పెరట్లో మా చిలక నీళ్ల పళ్లెం కంటబడింది.
మార్చి ఎన్నాళ్లయిందో.
వంగి చూశాను.
ఏం కనిపించిందో చెప్పను.
మీ పళ్లెం మీరు చూసుకోండి.