లప్పం కింద

గంటస్తంభం ఎనక రెండో సందులో
పొట్నూరోరి పాత మేడకి
ఈ ఎండాకాలం కొత్త తోలు తొడిగినాం
నానూ, మా అల్లుడు తౌడుబాబూను.

బైట బోర్డు కట్టీసినారు ముందే:
‘విద్యార్థులకు సరికొత్త ఫ్లాట్లు. వైఫై, గీజరు, లిఫ్టు.’
లిఫ్టు ఇంకా రానేదు.
దాని గుంతలో మా పుట్టీ బస్తాలే
ఎక్కకండా దిగకండా కూకున్నాయి.

గోకితేగాని తెలీదు గోడ వయసు.
పైన సిలక పచ్చ, ట్యుటోరియలోలు ఏసినది.
దాని కింద లాడ్జి నాటి గులాబీ.
గులాబీ కింద
నీలిమందు కలిపిన సున్నం.
ఆ సున్నం మా అయ్య ఏసినదే.
నాకెలా తెలుసంటే
కుంచె గీతలన్నీ ఎడమకి వాలున్నాయి.
ఈ ఊర్ల ఎడం సేతి సున్నపోడు ఆయనొక్కడే.

అప్పుడిది గోనెల కొట్టు.
జూటు మిల్లు సైరను కూస్తే
కిటికీ అద్దాలు అదిరీవట.
తరవాత లాడ్జి, తరవాత ట్యుటోరియలు,
ఆ తరవాత పదేళ్లు ఒట్టి పావురాలు.

పద్నాలుగు గదుల్ని ఇరవై రెండు సేసినారు.
మజ్జిన అట్టలాటి గోడ లేపి
ఒకే కిటికీని రెండు గదులకి పంచినారు.
ఒకలికి గడియారం ముల్లు కనబడతాది,
పక్కోలికి గంట ఇనబడతాది.
టైము కావాలంటే ఇద్దరూ మాటాడుకోవాల.

మూడో అంతస్తు, ఆఖరి గది.
గోడ బీరువా లోపలికి ఏ రంగూ దూరనేదు,
అయ్య సున్నమే ఉన్నాది.
దాని మీద పెన్సిల్తో, గుండ్రటి అచ్చరాలు:
‘పాలు 2. ఇస్త్రీ ఒకటిన్నర.
నాన్నకి మనియార్డరు 40.
మిగిలింది 3.
ఆదివారం గుడ్డు.’
పేరు నేదు. తేదీ నేదు.

‘అన్నీ నున్నగుండాల’ అన్నాడు ఇంజనీరు బాబు.
లప్పం కత్తి ఎత్తినాను.
సెయ్యి ఆగిపోనాది.
మూరెడు గోడ, ఒవులు సూస్తారు?
తలుపు మూసీసినాను.
కూలీ మాత్రం దానిక్కూడా తీసుకున్నాను.

జులై వానలకి అదే గదిలో సెమ్మ దిగిందని కబురు.
ఎల్లేసరికి తలుపు తీసింది
కురుపాం కొండ మీద గుంట, బిడ్డిక రాహేలట,
నర్సింగు సదువు.
మంచం తనే జరిపి దారిచ్చి అడిగింది:
‘మా ఇంటికాడ ఎర్రమన్ను మూణ్ణెల్లకోసారి అలుకుతాం.
మీదెన్నాళ్లుంటాది?’
‘ఏడేళ్లు గేరంటీ’ అన్నాను
ఏడో వారం సెమ్మని తుడుస్తా.

బీరువా పక్కంతా తడే.
లోపల సూడాలన్నాను.
గుంట మొకం మాడిపోనాది.
పెన్సిలు రాత కింద కొత్తగా, నీలం పెన్నుతో:
‘రీఛార్జి 239. మెస్సు బాకీ 1100.
అమ్మకి ఫోన్‌పే 500.
మిగిలింది 37.
గుడ్డు ఏడు రూపాయలైంది అన్నా.’

‘డిపాజిట్టులో కోస్తారా?’ అంది మెల్లిగా.
‘బీరువా లోపల కొలతకి రాదమ్మా’ అన్నాను.
అబద్దమే. కొలిచినోణ్ణి నానే.
సెమ్మ బైటనించే కట్టినాను,
తాడు మీద ఏలాడతా,
ఎడం సేత్తో తాడు పట్టుకోని.

మెట్లు దిగొస్తంటే
లిఫ్టు గుంత నిండా వాన నీరు.
అందులో ఒక కప్ప
అడ్వాన్సు కట్టకండానే
దిగిపోనాది.