వ్యాన్‌లో నా సీటు

మొదటి సంవత్సరం నేను మనిషిని కాదు, సామాను.
స్పీకరు డబ్బాలకీ జనరేటరుకీ నడుమ
మోకాళ్ళు గడ్డానికి తగిలిచ్చుకోని
ఆదోని నుంచి ఆలూరు దాకా,
ఒళ్ళో నాలుగు తీగల గిటారు
జొరమొచ్చిన పిల్లోని మాదిరి.

దీనికంటే ముందు చెప్పాల్సింది ఇంకోటుంది.
మా నాయన జిన్నింగు మిల్లులో హమాలీ.
అన్నం క్యారియరు తీసుకపోయినప్పుడల్లా
గోడకు ఈపు ఆనిచ్చి నిలబడేటోన్ని.
పత్తి కనపడేది, గింజ కనపడేది,
బెల్టు మాత్రం గోడ అవతల.
దాని మోత చెవిలోకి రాదు, ఎన్నుపూసలోకి వస్తాది.
మిల్లు ఆగినాంకనే తెలిసేది
ఇంతసేపూ ఏదో నన్ను పట్టుకోనుండెనని.

గుంతకల్లు గార్డు ఆశీర్వాదం సారు
రిటైరైన యేడు ఆ గిటారు నాకిచ్చి
ఒక్కటే చెప్పినాడు:
"ఉరుకుందూ, పాటకు నువ్వు పునాదిరాయి అనుకోవద్దు.
పునాది కదలదు. నువ్వు నడవాల.
గూడ్సుబండి ఆఖరి పెట్టెలో కూచున్నోడు
ఇంజను ఏం జేస్తాందో కాళ్ళతోనే ఎరగాల."
ఆయన నేర్పింది మూడు నెలలు.
మిగిలింది రోడ్డు నేర్పింది.

జాతరకు నూటాయాభై, తిండి వాళ్ళదే.
పత్తికొండ, దేవనకొండ, ఉరవకొండ,
ఇన్ని కొండలు తిరిగినా ఎక్కింది స్టేజీలే,
అవీ ట్రాక్టరు ట్రాలీలు.
సులోచనక్క జానపదం ఎత్తుకుంటే
ముసలోళ్ళు కూడా తుండుగుడ్డలు తిప్పుతాండ్రి.
నా పక్క ఎవురూ సూడరు.
ఒకతూరి ఒక పిల్లోడు
ట్రాలీ అంచుకు పొట్ట ఆనిచ్చి నిలబడి
నేను లావు తీగ మీటినప్పుడల్లా నవ్వుతాండె.
ఆ రాత్రి రెండు తూర్లు తప్పు వాయించినా, వాన్నే సూస్తా.

ఐదో యేట చక్రం మీది సీటొచ్చింది.
కాళ్ళు సాపలేము గానీ సీటు సీటే.
ప్యాడ్స్ వాయించే కాశీంసాబు
వెల్డింగు షాపు పెట్టుకోని దిగిపోయినాంక
తొమ్మిదో యేట కిటికీ.
రాత్రి రెండింటప్పుడు నల్లరేగడి మీద
గాలిమరల ఎర్రలైట్లన్నీ ఒకేసారి ఆరి ఒకేసారి వెలిగేటివి.
ఎవురో తాళం తప్పకుండా కూచున్యారనిపించేది.
ఫ్లెక్సీలో పడింది కూడా ఆ యేడే,
మైకు స్టాండు ఎనక సగం చెవి, ఒక భుజం.
మా యమ్మ వేలు పెట్టి చూపిస్తాండె అందరికీ:
"ఈ భుజం మావోనిది."

పద్నాలుగో యేట కొత్త కీబోర్డు కొన్నారు.
వినోదు ఎడమచెయ్యి కిందికి జరిపితే
నా నాలుగు తీగలూ అందులోనే ఉండాయి.
శ్రుతి జారవు, బీడీ అడగవు, బత్తెం అడగవు.
ఓనరు రామాంజులు పక్కకు పిల్చి టీ తాగిపిచ్చినాడు.
ఓనరు టీ తాగిపిచ్చినాడంటే ఏందో
ఈ లైనులో అందరికీ తెలుసు.

రెండేండ్లు మార్కెట్‌యార్డులో కాటా రాసినా.
వేళ్ళ కొనల కాయలు మెత్తబడినాయి.
రాత్రిపూట వాటిని మంచం పట్టెకు గీరుకుంటాంటి.

మళ్ళ పిల్చింది
డ్రైవరు ఓబులేసు కంటికి శుక్లమొచ్చినాంక.
"లైసెన్సు ఉండాది కదా ఉరుకుందూ?"
ఉండాది.
ఇరవై యేండ్లు కావస్తాంటే
అన్నిటికంటే ముందు సీటు నాది.

ఎవురన్నా అడిగితే డ్రైవర్నే.
వినోదు సంబంధాలు చూసుకోను పోతే,
లేదంటే సులోచనక్కకు బుద్ధి పుడితే
గిటారు బయటికొస్తాది.
లేకుంటే నా సీటు కింద పండుకుంటాది.
బాధేం లేదు. శానా బాధేం లేదు.

అయితే ఒకటి.
ఆస్పరి దాటినాంక ఎత్తెక్కేటప్పుడు
ఈ బండి మూడో గేరులో
సరిగ్గా లావు తీగ శ్రుతి పలుకుతాది.
ఎనక అందరూ మెడలు వాల్చి నిద్ర.
ఆ నిద్రలోనే సులోచనక్క గొంతు
దాన్ని పట్టుకోని సన్నగా ఏదో తీస్తాది,
ఆమెకే తెలీదు.

నేను నాలుగో గేరు మార్చను.
ఎనక లారీవోడు హారను కొడ్తానే ఉంటాడు.
కొట్టనీ.