మీగడ

చుట్టుగుంట సెంటర్లో రేకు పంచ కింద
పేరయ్య కాఫీ బండి ఒక్కటే ఉన్నప్పుడు
మిరపతొడిమలు తీసిన చేతులతో వెళ్లేదాన్ని.
వేళ్ల సందుల్లో మంట.
వేడి గ్లాసు పట్టుకుంటే ఇంకా మంట.
సుభానీ ఏమీ అడిగేవాడు కాదు,
పాలగిన్నె అంచున కట్టిన మీగడ
చెంచాతో తీసి నా అరచేతిలో వేసేవాడు.
"ముందు చేతులకు తాగించక్కా,
నువ్వు తర్వాత తాగుదువుగాని."

పేరయ్య చూసీ చూడనట్టుండేవాడు.
పిసినారే. పంచదార పలుకులు లెక్కపెట్టే మనిషి.
శనివారం మాకు బట్వాడా కాకపోతే
బొగ్గుతో రేకు మీద గీత గీసేవాడు.
నా పేరున ఓసారి పదకొండు గీతలు.
వానొచ్చి నాలుగు తుడిచేస్తే
ఏడింటికే తీసుకున్నాడు,
వానను తిట్టుకుంటూ.

తర్వాత అరండల్‌పేటలో ఒకటి.
లక్ష్మీపురంలో అద్దాలది.
బెజవాడలో మూడు, తెనాల్లో ఒకటి,
హైవే మీద ఎన్నో నాకు తెలీదు.
బోర్డు మీద పేరయ్య మీసం మిగిలింది.
మీసం వెనక మనిషి ఎక్కడుంటాడో
సుభానీకీ తెలీదు.

నిన్న యార్డులో పని తొందరగా తెమిలితే
అద్దాలదాంట్లోకి వెళ్లాను.
నా కొంగుకు పట్టిన ఘాటుకి
ల్యాప్‌టాప్ ముందేసుకున్న కుర్రాడు తుమ్మాడు,
వాడి పక్కనున్న పిల్ల తుమ్మింది.
నాకు నవ్వొచ్చింది. మేనేజరుకు రాలేదు.
"మేడమ్, పార్సిల్ చేయించమంటారా?"
ఎంత మర్యాదో!
ఇన్నేళ్లలో నన్నెవరూ
అంత మెత్తగా బయటికి పొమ్మనలేదు.

కౌంటరు వెనక సుభానీ. నల్లటోపీ.
గుండె మీద పేరు బిళ్ల.
కూర్చోడానికి స్టూలు లేదు.
నెత్తిన గడియారం తొంభై నుంచి కిందికి దిగుతోంది,
సున్నా అయ్యేలోగా కప్పు చేతికి రావాలి.
"బాగున్నావా" అంటే
అందులో ఎన్ని సెకన్లు పోతాయోనని
నేనే అనలేదు.
అబద్ధమెందుకు, ఒకటో తారీకున జీతం పడుతుందట,
పీఎఫ్ కూడా కడతారట.
ఆ రోజుల్లో పేరయ్య
రంజాన్‌కి ఓ వంద చేతిలో పెట్టి
మొహం తిప్పుకునేవాడు, అంతే.

"టోకెన్ అరవై రెండు."
అది నేనే.
అట్టకప్పు మూత తీశాను.
మూత లోపలివైపు అంటించినట్టు
చిటికెడంత మీగడ.
పాకెట్ పాలల్లో, మిషన్ ఆవిరిలో
అది ఎక్కడ కట్టిందో,
ఎవరి లెక్కలోంచి తీశాడో.
తలెత్తి చూస్తే వాడు కెమెరా వైపు చూస్తున్నాడు.

తలుపు దగ్గర పలకలాంటి తెర:
మా సేవ ఎలా ఉంది?
ఐదు నక్షత్రాలు.
తక్కువ పడితే వాడి జీతంలో కోతని విన్నాను.
ఐదోదాని మీద వేలు పెట్టబోయి ఆగాను.
మీగడ ఇంకా రాసుకోలేదు, వేలినిండా కారం.
నా తర్వాత నొక్కినవాళ్లు
ఆ వేలితోనే కన్ను నులుముకుంటారేమో.

మోచేత్తో నొక్కాను.
ఎన్ని పడ్డాయో మరి.