రోజుకు పదకొండు సెకన్లు

నేను గడియారాల పనివాణ్ణి కాను.
ముప్పై ఏళ్ళు కామ నది మీద
లాగుడు పడవల కడుపుల్లోకి దూరి
డీజిల్ ఇంజన్లు విప్పినవాణ్ణి.
నా బొటనవేలి కింద
ఈ యంత్రమంతా దాక్కుంటుంది.

అయినా ఫిబ్రవరి రాత్రుళ్ళు,
నది మోకాలి మందాన గడ్డకట్టి
చిస్తొపోల్ ఊరంతా తలుపులు బిగించుకున్నాక,
వంటింటి బల్ల తుడిచి, టీ గ్లాసు అవతలికి జరిపి
దీపం మెడ కిందికి వంచుతాను.

ఇది మూడో అంతస్తు మింజిఫాది.
రొట్టెల ఫ్యాక్టరీలో రాత్రి కాపలా ఆమెకి.
పడుచు వయసులో ఇక్కడి ఫ్యాక్టరీలోనే
ఇలాంటివి ఎన్ని బిగించిందో లెక్క లేదట.
"ఇల్దుస్, ఇప్పుడిది నన్ను
రోజుకి నాలుగు నిమిషాలు ముందుకి తోస్తోంది,
ఎవరో తరుముతున్నట్టు" అంది.

దిక్సూచి దగ్గర పెట్టాను.
ముల్లు తల తిప్పి చూసింది.
అయస్కాంతం పట్టింది.
దయ్యం లాగే ఇదీ పడుతుంది, వదిలించాలి.
నీలం పెట్టె మీట నొక్కి పట్టి
గడియారాన్ని చెయ్యి చాచినంత దూరం
మెల్లగా, మెల్లగా లాక్కుపోవాలి.
మధ్యలో వేలు తీశావో, మళ్ళీ మొదటికే.

తర్వాత మైకు పళ్ళెం మీద కూర్చోబెట్టాను.
గంటకు పంతొమ్మిది వేల ఎనిమిది వందల దెబ్బలు
తెర మీద చుక్కలై రాలుతున్నాయి.
రెండు బారులు. టిక్ ఒక దారి, టక్ ఒక దారి.
కుంటుతోంది పాపం.
కంట్లో భూతద్దం, వేళ్ళలో సూది,
పై మీటని ఈగ కాలంత జరిపాను.
బారులు దగ్గరయ్యాయి, ఒకదాన్నొకటి తాకాయి,
ఒక్కటయ్యాయి.
ఇక కింది మీట. ఊపిరి బిగబట్టి ఒక్క తోపు:
నలభై సెకన్లు వెనక్కి!
స్పానర్ పట్టిన చెయ్యి కదా, సిగ్గులేదు దీనికి.
మూడోసారికి రెండు సెకన్లు ముందు.
ఫేసు పైకి, కిందికి, బొడిపె ఎడమకి, కుడికి,
ఆరు భంగిమల్లోనూ పరవాలేదు.
గర్వంగా మెట్లెక్కి ఇచ్చొచ్చాను.

వారానికి తిరిగొచ్చింది.
రోజుకి పదకొండు సెకన్లు వెనక.
పెట్టె మాత్రం నాదే నిజమంటుంది.

అడగాల్సిన ప్రశ్న అడిగాను.
"పడుకునేటప్పుడు దీన్నెలా పెడతావు?"
ఇరవై రెండేళ్ళ ఇరుగుపొరుగు.
ఆమె బూట్ల చప్పుడు నాకు తెలుసు,
ఏ మెట్టు దగ్గర ఆగి ఊపిరి తీసుకుంటుందో తెలుసు.
మింజిఫా గోడ మీది క్యాలెండరు చూస్తూ అంది:
"పెట్టను. పట్టుకుంటాను.
పగటి నిద్ర కదా, పట్టదు.
దిండు కింద, గుప్పిట్లో."

ఆరు భంగిమలున్నాయి నా పెట్టెలో.
గుప్పిట లేదు.

ఆ రాత్రి నేనే పట్టుకుని పడుకున్నాను.
ఒంటి వేడి, చెమట, వేళ్ళ బరువు,
నాడి పక్కన ఇంకో నాడి,
రెండింటికీ వేగం కుదరదు.
పొద్దున్నే రేడియో ఆరు బీపులతో సరిచూసుకున్నాను.
సూది, ఈగ కాలులో సగం.
రెండో రాత్రి. మూడో రాత్రి ఎక్కువైంది, వెనక్కి తెచ్చాను.
ఐదో పొద్దున
ఆఖరి బీపూ సెకను ముల్లూ ఒకేసారి గీత దాటాయి.

"ఐదు రోజులు పట్టింది" అని మాత్రం అన్నాను.
ఎలా చేశావని అడగలేదామె.
చెవి దగ్గర పెట్టుకుని విన్నది,
కోటు జేబులోంచి ఇంకా వేడి తగ్గని రై రొట్టె తీసి
నా బల్ల మీద పనిముట్ల పక్కన పెట్టి
డ్యూటీకి ఆలస్యమవుతోందని వెళ్ళిపోయింది.
ఆలస్యమేం కాలేదు, నాకు తెలుసు.

పట్టకారు తుడిచి డబ్బాలో పెట్టాను.
ఆరో రాత్రి పక్క మీద వాలగానే
కుడి గుప్పిట దానంతటదే మూసుకుంది.
తెరిచి చూశాను కూడా.