ముడి

మూడు రాత్రులుగా తుమ్మలపెంటలో కరెంటు లేదు.
పదకొండు స్తంభాలు ఇసకలో పడుకున్నాయి,
ఒకటి ఎవరిదో పడవలోకి తల పెట్టి.
పగలంతా తీగలు లాగి, రాత్రికి
తుఫాను షెల్టరు మిద్దె మీద మేం నలుగురం,
పక్కనే వలతాళ్ల చిక్కు తీసుకుంటూ చెంచమ్మ.

గాలి ఊడ్చిపోయిన ఆకాశం.
మంచం కోళ్లలా నాలుగు చుక్కలు,
మంచం కింద ఒక చేప, తూర్పున ఇంకో చేప,
రెంటి తోకల్నీ కలుపుతూ సన్నటి చుక్కల తాడు.
వీధి దీపాలున్న ఊరికి కనపడదు ఈ మీనం,
అంత పేదది దాని వెలుగు.

హాస్టల్లో చదివింది చెప్పాను:
గ్రీకుల కథలో టైఫాన్ అని ఒక రాక్షసుడు,
నూరు పాము తలలు, అన్ని నోళ్లలోనూ ఉప్పెన రొద
(మన తుఫాను మాటకు చుట్టమేమో, తెలీదు).
వాడొస్తుంటే దేవుళ్లే దిక్కుకొకరు పరిగెత్తారంట.
అందానికి దేవత ఆఫ్రొడైటీ
కొడుకుని చంకనేసుకుని యూఫ్రటీస్ ఏట్లోకి దూకింది.
దూకే ముందు
తప్పిపోకుండా ఇద్దరికీ ఒకే తాడు.
నీళ్లలో చేపలైపోయారు.
తాడు మాత్రం అట్టనే ఉంది పైన.

చెంచమ్మ చేతులు ఆగాయి.
"ముడి ఎవురేసినారు?"
"పుస్తకంలో లేదు."
"ఏం ముడి? లాగితే బిగిసేదా, ఊడేదా?"
అదీ లేదు.

కాసేపు అలల చప్పుడే.
"నా ముడి ఊడలా అబ్బయా.
నా చేత్తో నేనేసింది, పడవనాపే ముడి.
తెల్లారి చూస్తే అట్టనే ఉండాది, గుండ్రంగా.
పిల్లోడి నడుమే సన్నం."

మా హెల్పరు మస్తాను బీడీ ముట్టించబోయి మానేశాడు.

"ఆయమ్మ దేవత గాబట్టి చేపైంది," అంది.
మళ్లీ తనే,
"ముడి ఏ చుక్క కాడ? వేలు పెట్టి చూపీ."
చూపించాను. కళ్లకు ఆనలేదేమో,
నా వేలినే చూస్తూ కూర్చుంది.

నాలుగో రోజు సందెకాడ లైను ఛార్జి చేశాం.
పిలకాయల కేకలు, టీవీలు,
ఎక్కడో ఒక ఫ్రిజ్జు గుర్రుమనడం.
షెల్టరు ముందు స్తంభం ఒక్కటే మిగిలింది.
నిచ్చెన ఎక్కాను, దిగాను.
రిజిస్టర్లో రాశాను: ఫ్యూజు వైరు లేదు, వచ్చే వారం.
జేబులో వైరు చుట్ట
తొడకి గుచ్చుకుంటానే ఉంది కావలి దాకా.