పదకొండో డబ్బా

మంచం కింద కాలు పెట్టి తోస్తే
దొర్లుకుంటా వచ్చింది.
మూడు కిలోల వంద గ్రాములు, తోతాపురి గుజ్జు.
మూతంచున తుప్పు,
పక్కన బొటనవేలు పట్టేంత సొట్ట.
చిన్నోడు బోర్లించి, అటు తిప్పి ఇటు తిప్పి
అడుగున తేదీ చదివినాడు.
దాటి పద్నాలుగు నెలలంట.

ఆ తేదీలు కొట్టింది నేనే.
తవణంపల్లి రోడ్డులో ఫ్యాక్టరీ, రాత్రి షిఫ్టు,
రబ్బరు ముద్ర, సిరా దిండు,
గంటకు నాలుగు వందల డబ్బాలు.
ఒకనాడు కునుకు పట్టి
వరుస వరుసంతా తలకిందులుగా కొడితే
దొరవేలు మేస్త్రీ అరవలా.
"తినేవాడు తిప్పుకుని చదువుకుంటాడులేమ్మే" అన్నాడు.

మర్సటేడు ధర పడిపాయ.
గేటు ముందర ట్రాక్టర్లు మూడు దినాలు నిలబడి
కాయ కారి, రోడ్డంతా జిగట,
చెప్పులు ఊడి వచ్చేవి.
ఆ నెలాఖరుకే తాళం.
ఏడు వారాల కూలి బాకీ.
దొరవేలు తల గోక్కుని
మనిషికి పదకొండు సొట్టడబ్బాలు ఇచ్చి
"మిగతాది మళ్ళా" అన్నాడు.

నాలుగు అమ్మితిని.
రెండు మా ధనబాగ్యం కూతురి పెండ్లికి పంపితిని.
మూడు పిల్లోళ్ళు తిన్నారు.
ఒకటి ఉబ్బింది,
తొమ్మిదో నెల కడుపు మాదిరి.
కొండమిట్ట పక్కన గుంత తీసి పూడ్చి
కుక్కలు తోడకుండా రాయి పెట్టినా.

ఇది ఉబ్బలా.
వేలి కణుపుతో కొడితే గట్టిగానే పలికింది.
"డేటు అయిపోయిందిమా, తినకూడదు" అని చిన్నోడు.
"కన్నెమ్మత్త తినలేదా, ఏమాయ?" అని పాప.
వాళ్ళ వాదులాట తెగకముందే
కొడవలి మొనతో పొడిస్తి.

సుస్సుమని గాలి లోపలికి పాయ.
లోపలికి పోతే మంచిది, బయటికి తంతే పారెయ్యాల.
మొదటి దినం నేర్పించిన పాఠం అది.
రంగు కొంచెం బెల్లానికి తిరిగింది.
వాసన మామిడిదే,
వెనకాల ఎక్కడో రేకు.

సంగటి ముద్దలో గుంట చేసి పోసుకుంటి.
"పొద్దు గూకేదాకా తాళండి,
నాకేమీ కాకుంటే మీరు తిందురు."
ఇద్దరూ తినకుండా
నా మొహమే చూస్తా కూచున్నారు,
టీవీ కూడా పెట్టలా.

మిగిలింది సట్టిలోకి వంచి
డబ్బా కడిగి బోర్లిస్తే
బ్యాచి నంబరు నిటారుగా ఉంది,
కింద తేదీ తలకిందులు.

"ఎట్లుందిమా?"
చిన్నోడికి ఇది నాలుగోసారి అడగడం.

ఆ యేటి కాయ మంచిదే, అంటి.